ఇరుకు గదిని, పాడు లాడ్జిని ఇంగ్లీషులో ఏ మాటతో చెప్పాలి

తిరుపతిలో చదువు ముగించుకుని ఇంగ్లండుకో అమెరికాకో వెళ్లే విద్యార్థికి మొదటి నెలలోనే అవసరం పడే ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో దొరకదు. అద్దె గది చూసి వచ్చిన స్నేహితుడు ‘ఇట్స్ ఎ బిట్ పోకీ’ అంటే ఆ గదిని తీసుకోవచ్చో కూడదో అతనికి అర్థం కాదు. ఇక్కడే ఉండి లాడ్జి నడిపేవారికీ ఇలాంటి చిక్కే ఎదురవుతుంది. విదేశీ యాత్రికుడు రాసిన సమీక్షలో ‘డింజీ’ అన్న మాట కనిపిస్తే, అతడు శుభ్రతను తప్పు పట్టాడా, వెలుతురును తప్పు పట్టాడా అన్నది తేల్చుకోకుండా జవాబు రాయడం కష్టం. మన బడుల్లో నేర్పే డర్టీ, స్మాల్, ఓల్డ్, బ్యాడ్ అనే నాలుగు మాటలతో పరీక్ష గట్టెక్కవచ్చు గాని, ఇంగ్లీషువారు రోజూ వాడే డంప్, టిప్, గ్రాటీ, సీడీ, డైవ్ వంటి మాటలు వినబడినప్పుడు అవి చాలవు. ఈ వాడుక మాటల్లో దేన్ని ఎక్కడ వాడాలో, దేన్ని విని ఊరుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

లోపం ఏమిటో ముందు తేల్చుకోండి

ఒక చోటు బాగాలేదు అనిపించినప్పుడు మనసుకు తట్టిన మొదటి మాటను ఇంగ్లీషులోకి మార్చకండి. ఆ చోటు మురికిగా ఉందా, ఇరుకుగా ఉందా, పాతబడి పడిపోయేలా ఉందా, అక్కడికి వచ్చే మనుషుల వల్ల దానికి చెడ్డపేరు ఉందా, లేక కేవలం ఊరికి దూరంగా ఉందా అన్నది ముందుగా ఆలోచించండి. ఇంగ్లీషు వాడుక మాటల్లో ఎక్కువ భాగం వీటిలో ఏదో ఒక్క లోపానికే కట్టుబడి ఉంటాయి. ఎనిమిదడుగుల వెడల్పున్న గదిని రోజూ కడిగి అద్దంలా ఉంచినా అది ‘షూబాక్స్’ (చెప్పుల పెట్టె) అవుతుంది, కాని ‘పిగ్‌స్టై’ (పందుల దొడ్డి) కాదు. పెద్ద హాలు అయినా బట్టలు, ప్లేట్లు, పుస్తకాలు నేల మీద పరచుకుని ఉంటే అది పిగ్‌స్టై అవుతుంది, షూబాక్స్ మాత్రం ఎన్నటికీ కాదు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది: ఆ చోటు ఎవరిది? ఈ విషయంలో తెలుగువాడికి కొత్తగా నేర్పవలసింది ఏమీ లేదు, ఎందుకంటే మనకు ‘కొంప’ అన్న మాట ఉంది. ‘మా కొంపకు ఒకసారి రా రాదా’ అని స్నేహితుడిని పిలిస్తే అందులో చనువు ఉంటుంది. ‘మీ కొంపలో’ అని మొదలుపెడితే తగాదా మొదలైనట్టే. ఇంగ్లీషులో డంప్, హోల్, హావెల్ వంటి మాటలన్నీ ఇదే పద్ధతిలో నడుస్తాయి. మీ గదిని మీరు ఎంతైనా తిట్టుకోవచ్చు. ఎవరిదీ కాని బస్సు షెల్టరును, ఖాళీగా పడి ఉన్న భవనాన్ని తిట్టినా ఎవరికీ బాధ కలగదు. ఎదుటివారు నివసించే ఇంటిని, వారు పుట్టిన ఊరిని, వారు నడుపుకునే దుకాణాన్ని ఆ మాటతో అంటే మాత్రం అది చోటును దాటి మనిషికి తగులుతుంది. ఈ కింద ప్రతి మాట దగ్గరా ఈ రెండు ప్రశ్నలనూ వేసుకుంటూ చదవండి.

డంప్, దాని చుట్టాలు

వీటన్నిటిలో మొదట నేర్చుకోవలసినది డంప్. అయితే మన ప్రాంతపు పాఠకుడికి ఈ మాట ఇప్పటికే రెండు వేరే అర్థాలతో పరిచయమై ఉంటుంది. మునిసిపాలిటీ చెత్త పోసే చోటు డంపింగ్ యార్డు. శేషాచలం అడవుల్లో దుంగలు నరికి దాచిపెట్టిన చోటు, పత్రికల భాషలో, ఎర్రచందనం డంప్. మొదటి అర్థం మనకు పనికి వస్తుంది, రెండోది రాదు. చెత్త పోసే చోటు అన్న అర్థం నుంచే ‘చూడడానికే అసహ్యంగా ఉన్న చోటు’ అన్న అర్థం పుట్టింది. ఇల్లు, హోటలు, ఆఫీసు, ఊరు, దేన్నయినా డంప్ అనవచ్చు. ‘దిస్ ప్లేస్ ఈజ్ ఎ డంప్’ అన్నది మామూలు వాక్యం. గదిలో అడుగుపెట్టగానే ‘వాట్ ఎ డంప్!’ అనడం ఆశ్చర్యంతో కూడిన విసుగు. ఇది నామవాచకం గనుక ముందు ‘ఎ’ తప్పనిసరి. ‘ది రూమ్ ఈజ్ వెరీ డంప్’ అన్నది మన విద్యార్థుల రాతల్లో తరచూ కనిపించే తప్పు. ‘డౌన్ ఇన్ ద డంప్స్’ అని వింటే చోటు గురించి అనుకోకండి, దిగులుగా ఉన్నానని దాని అర్థం.

బ్రిటన్‌లో దీనికి సమానమైన మాట టిప్. అక్కడ చెత్త పోసే చోటును టిప్ అంటారు, కాబట్టి తల్లి కొడుకు గదిలోకి తొంగిచూసి ‘యువర్ రూమ్ ఈజ్ ఎ టిప్’ అంటే చక్కబెట్టుకోమని అర్థం. అమెరికాలో ఇదే మాట అంటే వినేవాడికి హోటల్లో సర్వరుకు ఇచ్చే డబ్బులు గుర్తుకు వస్తాయి గాని చెత్త గుర్తుకు రాదు. డంప్‌కూ టిప్‌కూ ఒక తేడా ఉంది. డంప్ అన్నప్పుడు ఆ చోటుకు ఇక గతి లేదన్న ధ్వని ఉంటుంది. టిప్ అన్నప్పుడు గంట సేపు కష్టపడి సర్దితే బాగుపడుతుందన్న ఆశ ఉంటుంది. పిగ్‌స్టై కూడా టిప్ జాతిదే. మన ‘పందుల దొడ్డి’తో అది అచ్చంగా సరిపోతుంది, రెండు దేశాల్లోనూ అర్థమవుతుంది, అమెరికాలో పిగ్‌పెన్ అని కూడా అంటారు. టిప్, పిగ్‌స్టై అన్న ఈ రెండు మాటలనూ హాస్టల్లో కలిసి ఉండే స్నేహితుల మధ్య వాడుకోవచ్చు. ఇంటి యజమాని ఎదుట ఆయన ఇంటిని గురించి వాడకూడదు.

చిందరవందరగా ఉన్న గదిని బ్రిటన్‌లో ‘బాంబ్‌సైట్’ అని కూడా అంటారు. బాంబు పడిన చోటులా ఉందని భావం. మాట మంచిదే గాని రేణిగుంట విమానాశ్రయంలో తెరిచిన సూట్‌కేసును గురించి ఈ పోలిక తేకపోవడం క్షేమం.

గ్రాటీ అన్నది విశేషణం. మురికి, పాతదనం, అసహ్యం కలిసిన భావాన్ని ఇస్తుంది. గ్రొటెస్క్ అన్న పెద్ద మాటను కుదించగా వచ్చిన ఈ పదం 1964లో విడుదలైన బీటిల్స్ సంగీత బృందపు సినిమా తరువాత బ్రిటన్ అంతటా పాకింది. అద్దె ఇంటి స్నానాల గది గురించి ‘ఎ బిట్ గ్రాటీ’ అంటే గోడల మూలల్లో బూజు, పలకల సందుల్లో నల్లని మరక ఉన్నాయని ఊహించుకోవచ్చు. అమెరికన్లకు ఈ మాట అర్థమవుతుంది గాని వారి నోట రాదు; వారు క్రమ్మీ అంటారు, ఆ మాటలో మురికి కంటే నాసిరకం అన్న భావమే ఎక్కువ.

డింజీని ఈ గుంపులో కాస్త పక్కన కూర్చోబెట్టాలి. వెలుతురు లేకపోవడం, గోడల రంగు మాసిపోవడం, దానివల్ల మురికిగా కనిపించడం, ఈ మూడూ కలిస్తే డింజీ. ఎంత ఊడ్చినా డింజీ గది డింజీగానే ఉంటుంది; దానికి కావలసింది సున్నమూ దీపమూ. దీన్ని ‘డింగీ’ అని పలికితే చిన్న పడవ అవుతుంది. పడవ మాటలో జీ అక్షరం తరువాత హెచ్ ఉంటుంది, గది మాటలో ఉండదు, రాసేటప్పుడు ఈ ఒక్క అక్షరాన్ని చూసుకోండి.

ఇరుకును చెప్పడం

మనం ‘అగ్గిపెట్టె లాంటి ఇల్లు’ అన్న చోట ఇంగ్లీషువారు చెప్పుల పెట్టెను తలుచుకుంటారు. షూబాక్స్ అంటే చిన్నది అని మాత్రమే; అందులో నింద తక్కువ, నవ్వు ఎక్కువ. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో గది దొరికిన విద్యార్థి ఇంటికి ఫోన్ చేసి తన గదిని షూబాక్స్ అంటే అందులో అంత బాధ ఉండదు. పోకీ మాత్రం అలా కాదు. చిన్నదిగా ఉండి, ఆ చిన్నతనం వల్ల ఇబ్బందిగా కూడా ఉంటేనే బ్రిటన్‌లో పోకీ అంటారు. స్నేహితుడు గదిని పోకీ అన్నాడంటే మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదని అనుమానించడంలో తప్పు లేదు. అమెరికాలో పోకీ అంటే ఎక్కువగా నెమ్మదిగా సాగేది అని అర్థం. వాడుకలో జైలును కూడా అలాగే అంటారు. అందువల్ల అక్కడ ఈ మాటను పక్కనపెట్టి క్రాంప్‌డ్ అని చెప్పండి, అది ఎక్కడైనా చెల్లుతుంది, మర్యాదకు కూడా లోటు రాదు.

కబీహోల్ అంటే మెట్ల కింద సామాను పెట్టుకునే గూడు వంటి చిన్న చోటు. ముచ్చటగానూ వాడతారు, విసుగ్గానూ వాడతారు. ర్యాబిట్ హచ్ అంటే కుందేళ్ల పెట్టె. ఒకే తీరుగా వరుసగా కట్టిన ఇరుకు ఫ్లాట్లకు ఇది సరిపోతుంది. 1979లో యూరోపియన్ కమిషన్ నివేదిక ఒకటి జపాన్ ఇళ్లను ఈ మాటతో వర్ణించినప్పుడు జపాన్‌లో అది పెద్ద చర్చ అయి, చివరకు జపనీయులే తమ ఇళ్లను తాము ఎగతాళి చేసుకోవడానికి ఆ మాటను వాడుకున్నారు. బయటివాడు అంటే తప్పు, మనవాడు అంటే నవ్వు అన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గాలి ఆడని గది స్టఫీ. మే నెలలో మన ఊళ్లో కిటికీ లేని గదికి ఈ మాట చాలా మెత్తనిది, అయినా ఇంగ్లీషువారు దీనితోనే సరిపెట్టుకుంటారు. మనుషుల గురించి స్టఫీ అంటే బిగుసుకుపోయిన పాతకాలపు పెద్దమనిషి అని అర్థం మారుతుంది. పాతతరం ఆంగ్లేయులు ఉక్కపోసే ఇరుకు చోటును ‘బ్లాక్ హోల్ ఆఫ్ కలకత్తా’ అనేవారు. 1756లో కలకత్తా కోటలో బందీలను చిన్న గదిలో బంధించగా రాత్రికి రాత్రి చాలామంది ఊపిరాడక చనిపోయిన ఘటన నుంచి వచ్చిన ఈ పలుకుబడిని, ఆ మృతుల సంఖ్య మీద చరిత్రకారుల మధ్య ఉన్న వివాదాన్ని ఎరిగినవారు తేలికగా వాడలేరు. వింటే అర్థం చేసుకోండి, మీరు వాడవలసిన అవసరం లేదు.

చోటు చిన్నది కాకపోయినా జనం కిక్కిరిసి ఉంటే మాట మారాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుమల బస్సులో ఒంటికాలి మీద నిలబడినవాడు ‘ప్యాక్‌డ్ లైక్ సార్డీన్స్’ అంటాడు గాని పోకీ అనడు. ఇది డబ్బాలో వరుసగా పేర్చిన చేపల పోలిక. ఎవరినీ తప్పు పట్టదు, కాబట్టి కొండ మీద కూడా నిస్సంకోచంగా వాడవచ్చు. ‘క్యాటిల్ క్లాస్’ అలా కాదు. విమానంలో చవక టికెట్టు తరగతికి ఇంగ్లీషులో ఎప్పటినుంచో ఉన్న ఎగతాళి పేరది. 2009 సెప్టెంబరులో అప్పటి విదేశాంగ శాఖ సహాయ మంత్రి శశి థరూర్ ట్విట్టర్‌లో ఒక ప్రశ్నకు జవాబుగా ఆ మాట వాడినప్పుడు, అక్కడ కూర్చునే ప్రయాణికులను పశువులన్నారని దేశమంతా దుమారం లేచి, ఆయన క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఇంగ్లీషులో ఆ మాట తిట్టేది ప్రయాణికులను కాదు, వారిని అలా కుక్కే విమానసంస్థను. అయినా వినేవారికి ఆ వాడుక తెలియనప్పుడు మాట్లాడేవాడి ఉద్దేశం కాపాడదు. మన ఊళ్లో మన వాళ్ల మధ్య ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఇలాంటి పలుకుబళ్లను తగ్గించుకోవడమే మేలు.

లాడ్జీలు, తిండి దొరికే చోట్లు

ఇక్కడ ముందుగా హోటల్ అన్న మాట సంగతి చూసుకోవాలి. తిరుపతిలో గాని చిత్తూరులో గాని హోటలుకు వెళ్దాం అంటే దోసెకో భోజనానికో వెళ్దామని అర్థం. బస చేసేది లాడ్జీలో. ఇంగ్లండులో హోటల్ అంటే బస మాత్రమే. అందువల్ల విదేశీయుడితో ‘దట్ హోటల్ ఈజ్ ఎ డైవ్’ అంటే అతడికి మీరు గదుల గురించి అంటున్నారో సాంబారు గురించి అంటున్నారో తెలియదు. పైగా డైవ్ అన్నది గదులకు చెందిన మాట కాదు. 19వ శతాబ్దపు అమెరికాలో భూమట్టానికి కింద, మెట్లు దిగి వెళ్లవలసిన సెల్లార్లలో నడిచిన సారాయి అంగళ్ల నుంచి వచ్చిన పేరది, ఇప్పటికీ మద్యం దొరికే చోట్లకే ఎక్కువగా అతుకుతుంది. అమెరికన్లు ‘డైవ్ బార్’ అన్నప్పుడు అందులో చాలాసార్లు అభిమానమే ఉంటుంది: వెలుతురు తక్కువ, కుర్చీలు పాతవి, ధరలు చౌక, పాత నేస్తాలు దొరుకుతారు. ఎవరైనా డైవ్ బార్‌కు రమ్మని పిలిస్తే మిమ్మల్ని అవమానించారని అనుకోకండి.

బసకు సంబంధించిన మాట ఫ్లీబ్యాగ్. అమెరికా వాడుకలో ఇది చవకబారు మురికి లాడ్జి. బ్రిటన్‌లో మాత్రం గజ్జికుక్కను గాని, మాసిన మనిషిని గాని ఫ్లీబ్యాగ్ అనడమే ఎక్కువ. ఫ్లీ అంటే కుక్కలనూ పిల్లులనూ పట్టుకుని దూకే పురుగు, మంచం సందుల్లో దాగే నల్లి కాదు. గదిలో నిజంగా నల్లులు ఉన్నాయని ఫిర్యాదు చేయాలంటే ఫ్లీబ్యాగ్ అని తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. బెడ్‌బగ్స్ అన్న మాటను ఉపయోగించి, ఏ గదిలో ఏ మంచం మీద కనిపించాయో చెప్పండి. ఫ్లీపిట్ అన్నది బ్రిటన్‌లో పాత సినిమా హాలుకు పెట్టిన పేరు. మన టూరింగ్ టాకీసులను ఎరిగినవారు ఇంగ్లీషు నేస్తానికి వాటి గురించి చెబుతూ ఈ మాట వాడితే అతడి ముఖం మీద వెంటనే గుర్తింపు కనిపిస్తుంది. అయితే ఫ్లీపిట్‌కు పైకప్పు ఉంటుందని, మన డేరాకు వానాకాలంలో అది కూడా నమ్మకం లేదని అదనంగా చెప్పవలసి ఉంటుంది.

రాత్రికి తల దాచుకోవడానికి పరుపు మాత్రం ఇచ్చే చోటు బ్రిటన్‌లో డాస్‌హౌస్, అమెరికాలో ఫ్లాప్‌హౌస్. ఇవి ఇల్లులేని పేదల చరిత్రతో ముడిపడిన మాటలు. యాత్రికులు పడుకునే ఉచిత వసతి హాలును ఈ పేరుతో అనువదించకండి. అక్కడ చాప మీద పడుకున్నవాడు గతిలేక వచ్చినవాడు కాదు, దర్శనానికి వచ్చినవాడు. ధర్మసత్రానికి ‘పిల్‌గ్రిమ్ రెస్ట్ హౌస్’ అన్న మాట సరిపోతుంది. బెడ్‌సిట్ మాత్రం తిట్టు కాదు. పడక, కూర్చునే చోటు ఒకే గదిలో ఉండి స్నానాల గదిని ఇతరులతో పంచుకునే అద్దె ఏర్పాటుకు బ్రిటన్‌లో అది మామూలు పేరు.

తిండి దగ్గర మాటలు మెత్తబడతాయి. గ్రీజీ స్పూన్ అంటే నూనెలో వేయించిన పదార్థాలు, వేడి టీ దొరికే చౌక హోటలు. పేరు జిడ్డు చెంచా అయినా బ్రిటన్‌లో పనివారు, విద్యార్థులు ఇష్టంగానే వెళతారు. జాయింట్‌కు ఒకప్పుడు నల్లమందు కొంపలతో సంబంధం ఉన్నా, ఇప్పుడు బర్గర్ జాయింట్, పిజ్జా జాయింట్ అంటే నింద ఏమీ లేదు. హోల్ ఇన్ ద వాల్ అన్నదానిని జాగ్రత్తగా గమనించండి. అమెరికాలో అది సందులో ఉన్న బుల్లి హోటలు, చాలాసార్లు మెచ్చుకోలుగానే అంటారు: ‘చూడటానికి ఏమీ లేదు, రుచి మాత్రం అమోఘం’ అన్నట్టు. తిరుపతి సందుల్లో నాలుగు బల్లలు వేసుకుని నడిచే మెస్సులకు, రాగిసంగటి దొరికే చిన్న హోటళ్లకు ఇది అచ్చంగా అతికే మాట. ఇదే మాటను బ్రిటన్‌లో అంటే మిమ్మల్ని ఏటీఎం దగ్గరకు తీసుకుపోతారు. 1967లో లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు గోడలో తొలి నగదు యంత్రాన్ని పెట్టిన తరువాత యంత్రాలకు స్థిరపడిన ముద్దుపేరది.

పాతబడిన కట్టడాలు

వీటిని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, ఎందుకంటే ఇవి ఎవరినీ పెద్దగా నొప్పించవు. బాగోగులు చూసేవారు లేక చెడిపోయిన కట్టడం లేదా వీధి ‘రన్ డౌన్’. సందేహం ఉన్నప్పుడు వాడదగిన సురక్షితమైన మాట ఇదే. ముక్కలు అతికించి కట్టినట్టు ఎటో వంగి ఉన్నది ర్యామ్‌షాకల్. ఎక్కితే ఊగే మెట్లు, నిచ్చెన, కుర్చీ రికెటీ. మనుషులు వదిలిపోయినది డెరిలిక్ట్. తెరలు, సోఫా గుడ్డలు, దుప్పట్లు చిరిగి మాసిపోతే టాటీ; దీన్ని గోడలకూ ఇంటికీ కంటే సామానుకే ఎక్కువగా వాడతారు. కరెంటు తీగలు వేలాడుతూ, మెట్లకు పిట్టగోడ లేకుండా ఉన్న ఇంటిని డెత్‌ట్రాప్ అంటారు. ఇది మాత్రం అలంకారానికి వాడే మాట కాదు. అక్కడ ఉంటే ప్రాణానికి ముప్పు అని నిజంగా అనుకుంటేనే అనండి.

పేరు చెడిన చోట్లు

సీడీ అన్న మాటను తెలుగు లిపిలో చూసి పాటల పళ్లెం అనుకోకండి. పూత, కాయ అయిపోయి గింజ పట్టి వాడిపోయిన మొక్క నుంచి వచ్చిన ఈ విశేషణంలో మురికితో పాటు ‘ఇక్కడ చాటుమాటు పనులు జరుగుతాయి’ అన్న అనుమానం కూడా ఉంటుంది. దుప్పట్లు మాసి ఉన్నాయన్న కోపంతో బస్టాండు పక్క లాడ్జిని సీడీ అని రాస్తే, మీరు చాకలి పనిని కాదు, యజమాని నడతను నిందించినట్టు. స్లీజీ ఇంకా ఘాటైనది. ఆధారం లేకుండా ఈ రెంటినీ రాతలో పెట్టవద్దని గట్టిగా చెబుతాను. సమీక్షలో ఒక్క విశేషణం ఒక కుటుంబపు వ్యాపారాన్ని దెబ్బతీయగలదు.

గది వెతుక్కునే విద్యార్థికి ఎక్కువగా పనికి వచ్చేవి డాజీ, స్కెచీ అన్న మాటలు. మొదటిది బ్రిటన్‌ది, రెండోది అమెరికాది. ‘నమ్మకం కుదరడం లేదు, ఏదో తేడాగా ఉంది’ అన్న భావానికి రెండూ సరిపోతాయి. రాత్రి పూట ఒంటరిగా నడవడానికి భయం వేసే వీధి స్కెచీ. రసీదు ఇవ్వకుండా అడ్వాన్సు అడిగే ఇంటి ఏజెంటు డాజీ. ప్లగ్గు పెడితే నిప్పురవ్వలు వచ్చే వైరింగు కూడా డాజీ. సీనియర్లు ఒక పేటను ‘రఫ్’ అన్నారంటే అక్కడ దొమ్మీలు, దొంగతనాలు ఉంటాయని హెచ్చరించినట్టు, రోడ్డు గతుకులుగా ఉందని కాదు.

మారుమూల ఊళ్లు

చిత్తూరు జిల్లా పల్లెల నుంచి వెళ్లినవారికి తమ ఊరిని పరిచయం చేసుకునేటప్పుడు ఈ మాటలు కావాలి. పట్నానికి దూరంగా ఉన్న పల్లె ప్రాంతం ‘ద స్టిక్స్’. అమెరికాలో దీనినే బూన్‌డాక్స్ అంటారు. ఫిలిప్పీన్స్‌లో ఉన్న అమెరికన్ సైనికులు టగాలాగ్ భాషలో కొండకు ఉన్న బుందోక్ అన్న పేరును పట్టుకుని ఇంటికి తెచ్చిన మాట ఇది. ఒకే వీధి, ఒకే అంగడి ఉన్న చిన్న ఊరు ‘వన్ హార్స్ టౌన్’. ఏ మార్పూ చేరని నిద్రావస్థలో ఉన్న ఊరు బ్యాక్‌వాటర్. కేరళ పర్యటన ప్రకటనల్లో ఇదే మాట అందమైన నీటి దారులను సూచిస్తుంది గనుక, ఎవరైనా మీ ఊరు బ్యాక్‌వాటర్ అంటే సంతోషించకండి. మన ‘దిక్కుమాలిన ఊరు’కు దగ్గరగా వచ్చేది గాడ్‌ఫర్సేకెన్, అంటే దేవుడు వదిలేసిన చోటు. తిరుపతికి సంబంధించి ఈ మాట ఎంత అసందర్భమో చెప్పనక్కరలేదు.

మీ ఊరిని మీరు ‘ద మిడిల్ ఆఫ్ నోవేర్’ అనుకుంటే వినేవారు నవ్వి దగ్గరవుతారు. వారి ఊరిని వెంటనే అదే మాటతో మీరు అనకూడదు. వారే ముందు అన్నా సరే, ‘అంత మారుమూల ఏమీ కాదులెండి’ అనడమే మన మర్యాదా, వాళ్ల మర్యాదా.

అసలే వాడకూడనివి

స్లమ్, షాంటీ (పేదల గుడిసె), గెట్టో అన్నవి చోటుతో పాటు మనుషుల బతుకును కూడా సూచిస్తాయి. మురికివాడల అభివృద్ధి గురించి రాసేటప్పుడు స్లమ్ అన్నది పాలనాపరమైన మాట, వాడక తప్పదు. స్నేహితుడి హాస్టల్‌ను స్లమ్ అనడం మాత్రం అక్కడ నివసించేవారిని ఎగతాళికి కొలబద్దగా వాడుకోవడమే. గెట్టో చరిత్ర ఇంకా బరువైనది. 1516లో వెనిస్ నగరం యూదులను నిర్బంధంగా ఒక పేటలో ఉంచిన నాటి నుంచి మొదలై, నాజీల కాలపు గెట్టోల మీదుగా, అమెరికాలో నల్లజాతివారి పేటల దాకా వచ్చిన మాట అది. కొందరు అమెరికన్ యువకులు నాసిరకపు వస్తువును ‘సో గెట్టో’ అనడం మీ చెవిన పడవచ్చు, దాన్ని అనుకరించకండి. హావెల్ అంటే పాడుబడిన గుడిసె. సొంత ఇంటి గురించి హాస్యానికి తప్ప మరెక్కడా పనికిరాదు. ష్యాక్ అన్నది రేకులతోనో చెక్కలతోనో కట్టిన పాక. సముద్రతీరంలో బీచ్ ష్యాక్ అంటే గౌరవమే, ఒకరి ఇంటిని అంటే అవమానం. మన షాక్ కొట్టడంతో కలిసిపోకుండా దీన్ని పలకడం సాధన చేయాలి.

మాట బరువును తగ్గించడం, పెంచడం

బ్రిటిష్‌వారి నోట ‘ఎ బిట్’ అన్నది లోపాన్ని చిన్నది చేయడానికి రాదు, చెప్పడంలోని కటువును తగ్గించడానికి వస్తుంది. ‘ఎ బిట్ ఆఫ్ ఎ డంప్’ అన్నారంటే అది నిజంగానే డంప్. ‘రాదర్ డింజీ’, ‘నాట్ ద క్లీనెస్ట్’ కూడా అంతే. అమెరికన్లు ‘టోటల్ డంప్’, ‘కంప్లీట్ పిగ్‌స్టై’ అని పెంచి చెబుతారు, దానిలో కొంత తీసేసి వినాలి. మీరు మాట్లాడేటప్పుడు నామవాచకాన్ని వదిలి విశేషణాన్ని ఎంచుకుంటే నింద తగ్గుతుంది: ‘ఇట్స్ ఎ హోల్’ అనేకంటే ‘ఇట్ ఫెల్ట్ క్రాంప్‌డ్’ అనడం మెత్తన. హోల్ ముందు మలమూత్రాలను సూచించే మాటలు చేర్చి వాడే రూపాలు సినిమాల్లో వినిపిస్తాయి. అవి బూతులు, అంతకంటే వివరణ అక్కరలేదు.

ఇంటి ప్రకటనల్లో ఈ మాటలేవీ కనిపించవు. వాటి స్థానంలో తీపి మాటలు ఉంటాయి, వాటిని వెనక్కి తిప్పి చదవడం నేర్చుకోవాలి. కోజీ, కాంపాక్ట్ అంటే ఇరుకు. ‘ఫుల్ ఆఫ్ క్యారెక్టర్’ అంటే పాతది, బహుశా తలుపులు సరిగా పడవు. అమెరికాలో ‘ఫిక్సర్ అప్పర్’, బ్రిటన్‌లో ‘ఇన్ నీడ్ ఆఫ్ మోడర్నైజేషన్’ అంటే కొన్న తరువాత అంతకు అంత ఖర్చు పెట్టాలి. ‘అప్ అండ్ కమింగ్ ఏరియా’ అంటే పేట ఇంకా బాగుపడలేదు. ఇలాంటి ప్రకటన చూసినప్పుడు గది కొలతలు, కిటికీ ఎటువైపు ఉంది, స్నానాల గదిని ఎంతమంది పంచుకుంటారు అన్న మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి.

రాతలో, జవాబులో

ఇంటి యజమానికో విశ్వవిద్యాలయపు వసతి కార్యాలయానికో ఫిర్యాదు రాసేటప్పుడు పైన చెప్పిన వాడుక మాటలన్నీ పక్కన పెట్టాలి. డింజీ బదులు ‘పూర్లీ లిట్’, స్టఫీ బదులు ‘పూర్లీ వెంటిలేటెడ్’, గ్రాటీ బదులు ‘అన్‌హైజీనిక్’, డంప్ బదులు ‘ఇన్ నీడ్ ఆఫ్ రిపెయిర్’ అని రాసి, ప్రతిదానికీ ఒక రుజువు జతచేయండి: దీపం వెలగని తేదీ, గోడ మీద చెమ్మ ఫొటో. తిట్టు చదివిన అధికారి మీ కోపానికి జవాబు రాస్తాడు. లోపం చదివిన అధికారి మనిషిని పంపిస్తాడు.

సమీక్షకు జవాబు రాసే లాడ్జి యజమాని ఇదే పనిని తన వైపు నుంచి చేయాలి. అతిథి వాడిన మాటను తన జవాబులో తిరిగి రాయకూడదు, రాస్తే అది రెండుసార్లు చదవబడుతుంది. ఆ మాటను లోపంగా విడదీసి, సరిచేసిన సంగతిని మాత్రం చెప్పాలి. డింజీ అన్నారంటే గోడలకు రంగు, గదికి ఇంకో దీపం. స్టఫీ అన్నారంటే ఎగ్జాస్ట్ ఫ్యాను, లేదా మేకు కొట్టి మూసిన కిటికీని తెరిపించడం. టాటీ అన్నారంటే తెరలు, దుప్పట్లు. సీడీ అన్నారంటే రిసెప్షన్ ముందు గుమికూడి కూర్చునేవారిని, మెట్ల దగ్గరి చీకటిని ఒకసారి చూసుకోవాలి. పోకీ అన్నదానికి మాత్రం మరమ్మతు లేదు. గది పొడవు వెడల్పులను బుకింగ్ పేజీలో అడుగుల్లో ముందే ప్రకటించి, దానికి తగ్గట్టు అద్దె తగ్గించడమే దారి.